మనింటి షుగర్ లెక్క పిల్లికి చెల్లదు

వరంగల్, హన్మకొండల్లో ఏ వాడకు పోయినా షుగర్ మనిషి లేని ఇల్లు అరుదు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా, టీవీ పక్కన గ్లూకోమీటర్, పొద్దుగాల గోలి, మాపు గోలి. ఇవన్నీ ఇంటిల్లిపాదికీ అలవాటైన పనులు. అందుకే పెంచుకున్న పిల్లికి షుగర్ వచ్చిందని పశువుల డాక్టర్ చెప్పగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "మా నాయనకు పదేండ్ల సంది ఉంది, మాకు తెల్వనిదా?" నా వాదన అంతా ఆ మాటకు ఎదురు. మనిషి షుగర్ గురించి మనకున్న తెలివి పిల్లి దగ్గర సగమే పనికొస్తుంది. మిగతా సగం దాని ప్రాణం మీదికి తెస్తుంది.

ఏది పనికొస్తుందో, ఏది ముంచుతుందో మొదటి వారంలోనే తెలుసుకోవాలి. ఎందుకంటే ఇక్కడ కాలం చాలా విలువైంది. పిల్లికి వచ్చే షుగర్ ఎక్కువగా మన టైప్ 2 లాంటిదే. ఒంట్లో కొవ్వు పెరిగి ఇన్సులిన్ మాట చెల్లకుండా పోతుంది, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం అలసిపోతుంది. రక్తంలో చక్కెర ఎక్కువున్నన్ని రోజులూ ఆ చక్కెరే క్లోమాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. చక్కెరను త్వరగా దించితే క్లోమం తేరుకుని, పిల్లికి ఇన్సులిన్ అక్కర్లేకుండా పోవచ్చు. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో, రోగం బయటపడిన ఆరు నెలల లోపు గ్లార్జిన్ ఇన్సులిన్‌తో గట్టి అదుపు మొదలుపెట్టిన పిల్లుల్లో 84 శాతం ఇన్సులిన్ నుంచి బయటపడ్డాయి. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టిన వాటిలో 35 శాతమే. "చూద్దాం లే, ముందు తిండి తగ్గిద్దాం" అని నెలల తరబడి గడిపేవాళ్లు పోగొట్టుకునేది ఈ తేడానే.

మన ఇండ్లల్లో ఈ రోగాన్ని ముందుగా పట్టిచ్చేవి చీమలు. ఇసుక తొట్టి చుట్టూ, బాత్రూం మూలన పిల్లి మూత్రం పోసిన చోట చీమలు బారుకడితే మూత్రంలో చక్కెర పోతోందేమో అని అనుమానించాలి. పిల్లి రక్తంలో గ్లూకోజ్ సుమారు 250 నుంచి 290 దాటితే గానీ మూత్రంలోకి రాదు కాబట్టి, అప్పటికే వ్యవహారం కొంత ముదిరినట్టే. నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతుంది. నీళ్లు కొలిచి పోసి చూడండి, రోజుకు కిలో బరువుకు 100 మి.లీ. దాటితే అది మామూలు దాహం కాదు. లావు పిల్లి అయితే ఇంకో మోసం ఉంది. పొట్ట అట్లనే వేలాడుతుంటుంది, కానీ వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు తగులుతాయి. కండ కరిగిపోతుంటే మనం "మా పిల్లి బాగానే ఉంది" అనుకుంటాం. ఇక వెనక కాళ్లు చూడండి. పిల్లి మామూలుగా వేళ్ల మీద నడుస్తుంది. చక్కెరతో నరాలు దెబ్బతిన్న పిల్లి మడమలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడుస్తుంది, ప్రహరీ ఎక్కబోయి సగంలో జారుతుంది. ఇది ముసలితనం కాదు. చక్కెర అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో మెల్లగా సర్దుకుంటుంది.

అట్లని దవాఖానలో ఒక్కసారి తీసిన రక్తంతోనే రోగం ఖాయం చేయించుకోవద్దు. సంచిలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కల అరుపుల మధ్య బల్ల మీదికి ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి కూడా భయంతోనే 300 దాకా పోతుంది. మనుషులకు "మూడు నెలల షుగర్" పరీక్ష ఉన్నట్టే, పిల్లులకు ఫ్రక్టోజమిన్ అనే పరీక్ష ఉంది. అది గత ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది, ఆ పూట భయాన్ని లెక్కపెట్టదు. మామునూరు వెటర్నరీ కాలేజీకి పోయినా, జగిత్యాల వైపు వాళ్లు కోరుట్ల కాలేజీకి పోయినా, ప్రైవేటు క్లినిక్‌లో చూపించినా ఈ పరీక్ష గురించి అడగండి. ఇంట్లో మూత్రం పట్టాలంటే తొట్టిలో ఇసుక తీసేసి చేపల తొట్టిలో వేసే గులకరాళ్లు పోయండి. మూత్రం అడుగున నిలుస్తుంది, గ్లూకోజ్, కీటోన్ (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగేటప్పుడు పుట్టేది, ఎక్కువైతే విషం) రెండూ చూపే స్ట్రిప్ ముంచి చూడొచ్చు. రెండుమూడు రోజులు ఇంటి దగ్గర తీసిన మూత్రంలో కూడా గ్లూకోజ్ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. కిడ్నీ, పండ్లు, మూత్రంలో చీము, ఎనిమిదేండ్లు దాటితే థైరాయిడ్, ఇవి కూడా అదే రోజు చూపించుకోవాలి.

ఇప్పుడు మందు దగ్గరికి వద్దాం. నాయన మెట్‌ఫార్మిన్ గోలిలో పావు ముక్క పిల్లికి పెట్టడం దండగ, దానితో పిల్లి షుగర్ అదుపులోకి రాదు. గ్లిపిజైడ్ అనే ఇంకో షుగర్ గోలి కొన్ని పిల్లులకు మాత్రమే పనిచేస్తుంది, పని చేయలేదని తెలిసేసరికి విలువైన వారాలు గడిచిపోతాయి. చక్కెరను మూత్రంలోకి పంపే గ్లిఫ్లోజిన్ జాతి గోలీల సంగతి వేరు. పిల్లుల కోసం అమెరికాలో 2022 డిసెంబర్‌లో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్‌కు అనుమతి ఇచ్చారు. కానీ ఏ పిల్లికి పడితే ఆ పిల్లికి ఇచ్చేవి కావు అవి. రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే లోపల కీటోన్లు పెరిగి పిల్లి చనిపోయే ప్రమాదం ఉంది, ఇన్సులిన్ వాడిన పిల్లికి అసలు ఇవ్వొద్దు. ఇంట్లో మనిషికి రాసిన, అదే జాతి గోలి డాపాగ్లిఫ్లోజిన్‌ను విరిచి పిల్లికి వేయడం ఎంత తప్పో దీన్ని బట్టే అర్థం చేసుకోండి. కొత్తగా షుగర్ తేలిన లావు పిల్లికి నేను నిలబడి చెప్పే మందు ఒకటే: రోజుకు రెండు పూటలా, పన్నెండు గంటల ఎడంతో గ్లార్జిన్. చవకగా దొరికే ఎన్‌పీహెచ్, మిక్స్‌టార్డ్ రకాల ఇన్సులిన్ పని పిల్లి ఒంట్లో ఏడెనిమిది గంటలకే తీరిపోతుంది, మిగతా సమయమంతా చక్కెర పైకి ఎగబాకుతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది సిరంజి గురించి. మెడికల్ షాపుకు పోయి "ఇన్సులిన్ సిరంజి" అంటే ఎర్ర మూతది ఇవ్వొచ్చు, నారింజ మూతది ఇవ్వొచ్చు. మన దేశంలో మామూలు ఇన్సులిన్ సీసాలు మి.లీ.కు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ మి.లీ.కు 100 యూనిట్లది, దానికి నారింజ మూత. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మూత రంగు తప్ప పెద్ద తేడా కనిపించదు. కానీ ఎర్ర సిరంజిలో ఒక యూనిట్ గీత అంటే 0.025 మి.లీ., నారింజ దాంట్లో 0.01 మి.లీ. గ్లార్జిన్‌ను ఎర్ర సిరంజిలో ఒక గీత లాగితే పిల్లి ఒంట్లోకి పోయేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. రెండు గీతలు లాగితే ఐదు. ఎనభై కిలోల మనిషి ఆ తేడాకు చెమటలు పట్టి, ఇంత చక్కెర నోట్లో వేసుకుని లేస్తాడేమో గానీ ఆరు కిలోల పిల్లి లేవదు. నారింజ మూతలోనూ 1 మి.లీ. సిరంజి కొంటే ఒక్కో గీత రెండు యూనిట్లు ఉండొచ్చు, దాంతో ఒక యూనిట్ కొలవడం కండ్ల లెక్కే అవుతుంది. 0.3 మి.లీ. సిరంజి, అర యూనిట్ గీతలున్నది అడగండి. షాపులో లేకపోతే తెప్పించుకోండి, అంతే గానీ ఉన్నదానితో సర్దుకోవద్దు. పెన్ను వాడదామంటే మామూలు పెన్ను యూనిట్ చొప్పునే తిరుగుతుంది, పిల్లికి అర యూనిట్ కూడా తేడానే.

మొదటి డోసు సాధారణంగా పూటకు ఒక యూనిట్. డాక్టర్ చూసి రెండు దాకా ఇవ్వొచ్చు, అంతకు మించి మొదలుపెట్టరు. డోసు లెక్క కట్టేది పిల్లి ఇప్పుడున్న లావు బరువు మీద కాదు, ఉండాల్సిన బరువు మీద. తిండి ముందు పెట్టి, నాలుగు ముద్దలు తిన్నాక సూది వేయాలి. పక్కటెముకల మీదో, డొక్క పక్కనో తోలు చిటికెతో గుడారంలా లేపి, ఆ మడతలోకి సూది పోనివ్వాలి. మెడ వెనక తోలు మందం, అక్కడ మందు సరిగ్గా ఇంకదు. వేసిన చోట బొచ్చు తడిగా తగిలి, మందు వాసన వస్తే సూది అవతలికి దాటిందన్నమాట. అప్పుడు మళ్లీ వేయొద్దు. ఎంత లోపలికి పోయిందో తెలియదు. ఒక పూట డోసు తప్పితే చక్కెర కొంచెం పెరుగుతుంది అంతే, రెండు డోసులు పడితే ప్రాణం పోతుంది. ఇంట్లో ఇద్దరు సూది వేసేవాళ్లుంటే ఫ్రిజ్ మీద క్యాలెండర్ పెట్టి, వేసినవాళ్లు వెంటనే టిక్కు పెట్టాలి. పొద్దుగాల అమ్మ వేసి, తెలియక కొడుకు కూడా వేయడం అనే ప్రమాదం నిజమైనది. పిల్లి తినకపోతే పూర్తి డోసు ఇవ్వకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఎండల సంగతి మరవొద్దు. మే నెలలో వరంగల్‌లోనూ రామగుండంలోనూ 43, 44 డిగ్రీలు మామూలే, బండి డిక్కీలో ఇంకా ఎక్కువ. సీసాను డిక్కీలో వేసుకుని వస్తూ మధ్యలో కూరగాయలు కొంటూ ఆగితే మందు పాడవుతుంది. చల్లటి ప్యాక్‌ను బట్టలో చుట్టి, దాని పక్కన పెట్టి తెచ్చుకోండి. మంచుకు నేరుగా తగలొద్దు, గడ్డ కట్టిన ఇన్సులిన్ కూడా పనికిరాదు. ఫ్రిజ్‌లో నడిమి అర మంచిది. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బుగా కనిపిస్తే పారేయాలి. కరెంటు ఎక్కువసేపు పోయే ఊళ్లలో తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండ, అందులో మూత గట్టిగా ఉన్న డబ్బా, ఆ డబ్బాలో సీసా. కొద్ది గంటలకు ఆ ఏర్పాటు పనిచేస్తుంది.

తిండి విషయంలో మన తెలివి ఇంకా ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. షుగర్ మనిషికి అన్నం తగ్గించి జొన్నరొట్టె పెడతాం కదా, అదే పిల్లికి చేస్తాం. పాలబువ్వ మానిపించి పాలల్లో జొన్నరొట్టె నాన్చి పెడతారు, లేదంటే రాగి జావ పోస్తారు. పిల్లికి జొన్న, రాగి, ఓట్స్, బియ్యం అన్నీ ఒకటే పిండి. పిల్లి నీసు మీద బతికే జంతువు, పిండిని చక్కబెట్టే ఏర్పాట్లు దాని కాలేయంలో చాలా తక్కువ. దానికి తీపి రుచే తెలియదు, ఆ రుచిని పట్టే జన్యువు పనిచేయడం లేదని 2005లోనే తేలింది. పాలబువ్వ నాకేది పాలలో కొవ్వు కోసం, మాంసకృత్తుల కోసం. బువ్వ దాని వెంట వచ్చిన శని.

ప్యాకెట్ తిండి కూడా నమ్మేది కాదు. పొడి గింజల సంచి వెనక చూడండి. ఒక ఉదాహరణ లెక్క, నూటికి: ప్రొటీన్ 32, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద (ప్యాకెట్ మీద "యాష్", అంటే ఖనిజాలు) 8. బూడిద రాయకపోతే 8 అనుకోవచ్చు. ఇవన్నీ కూడి వందలోంచి తీసేస్తే మిగిలిన 36 పిండి పదార్థం. ప్రొటీన్‌నూ పిండినీ 3.5తో, కొవ్వును 8.5తో హెచ్చిస్తే కేలరీలు వస్తాయి: 112, 126, 85, మొత్తం 323. అంటే కేలరీల్లో 39 శాతం పిండి నుంచే. షుగర్ పిల్లికి ఇది 12 శాతం దగ్గర్లో ఉండాలి. అదే లెక్క ఒక తడి పౌచ్‌కు వేయండి: తేమ 82, ప్రొటీన్ 9, కొవ్వు 3, పీచు 1, బూడిద 2, మిగిలిన పిండి 3. కేలరీలు 67.5, అందులో పిండివి 10.5, అంటే దాదాపు 16 శాతం. గింజల కన్నా ఎంతో మేలు, ఇంకా వెతికితే 12 లోపువి కూడా దొరుకుతాయి. గ్రేవీ చిక్కగా ఉన్న పౌచ్‌లలో పిండి కలుపుతారు కాబట్టి మెత్తటి ముద్దలా ఉండేవి చూడండి. "గ్రెయిన్ ఫ్రీ" అని రాస్తే మురిసిపోవద్దు, గోధుమ బదులు ఆలుగడ్డ వేసి ఉంటారు.

కోడి మాంసం ఉడికించి పెడితే చాలదా అంటారు. పిండి లేని మాట నిజమే. కానీ ఎముక లేని మాంసంలో కాల్షియం లేదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఉడికించిన నీళ్లలోకి జారిపోతుంది. టారిన్ తక్కువైతే పిల్లి గుండె సాగి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు, కండ్లు కూడా పోతాయి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే టారిన్, కాల్షియం ఎంత కలపాలో డాక్టర్‌తో రాయించుకోండి, ఉడికించిన నీళ్లు పారబోయకుండా అందులోనే పెట్టండి, కోడి గుండెకాయలు, తొడ మాంసం కలపండి. కార్జం రోజూ వద్దు, విటమిన్ ఎ ఎక్కువై ఎముకలు పట్టేస్తాయి. మనం తినే కూరలోంచి ముక్క కడిగి పెట్టడం మాత్రం పూర్తిగా మానాలి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, మన కూరల్లో అల్లం వెల్లుల్లి ముద్ద లేనిది ఏది?

ఎంత పెట్టాలి? 6.5 కిలోలున్న పిల్లి 4.5కు రావాలనుకుందాం. 4.5 కిలోల పిల్లికి ఊరికే కూర్చుంటే పట్టేది రోజుకు సుమారు 216 కేలరీలు. అందులో 80 శాతం, అంటే 170, 175 మధ్య పెట్టాలి. పై లెక్క పౌచ్ అయితే 85 గ్రాములవి మూడు. అయితే చక్కెర అదుపులోకి రాకముందే తిండి కోయొద్దు, అప్పటికే దాని కండ కరుగుతోంది. ముందు ఇన్సులిన్, కొత్త తిండి నిలదొక్కుకోవాలి, ఆ తర్వాతే బరువు. తగ్గడం కూడా వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం మించొద్దు, మన పిల్లికి 30 నుంచి 65 గ్రాములు. బాత్రూం త్రాసు మీద ఇంత చిన్న తేడా దొరకదు, పసిపిల్లల కాంటా కావాలి. ఒక్కపొద్దు ఉంచితే తొందరగా తగ్గుతుందని ఎవరైనా అంటే చెవిన పెట్టొద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి పచ్చకామెర్లు వచ్చి చనిపోతుంది. కొత్త తిండికి వారం, పది రోజుల్లో మెల్లగా మార్చండి. ఈ మార్పు జరుగుతున్న రోజుల్లోనే పాత డోసు ఎక్కువైపోతుంది. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది కాబట్టి, తిండి మారుస్తున్నామని డాక్టర్‌కు చెప్పకుండా మార్చొద్దు.

ఇంకో చిక్కు, మన వాడల్లో పిల్లి ఒక్కింటిది కాదు. పొద్దుగాల పక్కింట్లో పాలు, మధ్యాహ్నం ఎదురింట్లో పెరుగన్నం తిని వస్తుంది. మొదటి నెల లోపలే ఉంచండి, నాలుగిండ్లకూ పోయి విషయం చెప్పండి. పెద్దవాళ్లకు "షుగర్ ఉంది" అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది. మన అలవాటు నిజంగా పనికొచ్చే చోటు ఇదే.

రక్తం చూడటానికి చెవి అంచు మంచిది. చెవిని రెండు వేళ్ల మధ్య వెచ్చగా నిమిషం పట్టుకుంటే అంచు వెంట సన్నటి నరం తేలుతుంది. కొంచెం వాజలిన్ రాస్తే రక్తం బొచ్చులోకి పాకకుండా గుండ్రంగా నిలుస్తుంది. చెవి వెనక దూది ఒత్తు పెట్టి, నరానికీ అంచుకీ మధ్య పొడవాలి. ఆవగింజంత చుక్క చాలు. తర్వాత అర నిమిషం దూదితో అదిమి, ఒక కోడి ముక్క ఇవ్వండి. నాలుగు రోజులకు పిల్లి తనే వచ్చి కూర్చుంటుంది.

అయితే నాయన గ్లూకోమీటర్ పిల్లి రక్తాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. మనిషి రక్తంలో గ్లూకోజ్ 58 శాతం ప్లాస్మాలో (కణాలు తీసేస్తే మిగిలే నీటి భాగంలో), 42 శాతం ఎర్ర కణాల్లో ఉంటుంది. పిల్లికి 93 శాతం ప్లాస్మాలోనే. మీటరు మనిషి లెక్కతో తయారైంది కాబట్టి తప్పుతుంది. జంతువుల మీటరు దొరికితే అది, లేకపోతే ఎప్పుడూ ఒకే మీటరు, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి. నెలకోసారైనా సెలవు రోజు పొద్దున్నుంచి మాపటి దాకా రెండు గంటలకోసారి చూసి కాగితం మీద రాయండి. అన్నిటికన్నా దిగిన అంకె 80 నుంచి 150 మధ్య ఉండాలి. ఒక రోజు అంకె చూసి డోసు మార్చొద్దు. గ్లార్జిన్ కుదురుకోవడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది, మార్చినా అర యూనిట్.

అంకె 60 దిగితే, లేదా పిల్లి తూలుతుంటే, పిలిస్తే పలకకపోతే, ఒళ్లు వణికితే అప్పుడు ఆలోచించే సమయం లేదు. తినగలిగితే ముందు తిండి పెట్టండి. తినలేకపోతే తేనె గానీ, గ్లూకోజ్ పొడి చిక్కగా కలిపి గానీ చిగుళ్లకు రాయండి, ఒక టీస్పూన్ దాకా. మూర్ఛలో ఉంటే నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, తేరుకున్నా డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి, ఎందుకంటే ఇన్సులిన్ ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. దీనికి ఎదురుది కూడా తెలిసి ఉండాలి. పిల్లి వాంతులు చేసుకుని, తిండి ముట్టకుండా, ముడుచుకుపోయి ఉంటే, స్ట్రిప్‌లో కీటోన్ రంగు మారితే ఆ రాత్రే పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగితే అందదు.

డోసు పెంచుతూ పోయినా చక్కెర దిగకపోతే పిల్లిని గానీ, మిమ్మల్ని గానీ తిట్టుకోవద్దు. ముందు మందు పాడైందా, సిరంజి సరిదేనా చూడండి. తర్వాత నోట్లో పండ్లు, మూత్రంలో చీము. ఇవేవీ కాకుండా పూటకు ఐదారు యూనిట్లు దాటుతుంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి పెరుగుదల హార్మోన్ ఎక్కువ వస్తోందేమో అని పరీక్ష చేయించాలి. ఇంకొకటి, దురద కోసం ఎప్పుడైనా స్టెరాయిడ్ సూది వేయించారా గుర్తు తెచ్చుకోండి. వారాల తరబడి పనిచేసే మిథైల్ ప్రెడ్నిసొలోన్ సూది ఒక్కటి చాలు, లావు పిల్లిని షుగర్‌లోకి నెట్టడానికి.

అన్నీ కుదిరితే కొన్ని వారాల్లోనో, రెండు మూడు నెలల్లోనో అంకెలు వాటంతట అవే దిగుతాయి. అప్పుడు ఆనందంతో సూది ఒక్కసారే ఆపేయకండి. డాక్టర్‌తో మాట్లాడి అర యూనిట్ చొప్పున తగ్గిస్తూ, చివరికి అర యూనిట్ దగ్గర కూడా అంకెలు నిలబడ్డాయని చూసి, ఆ తర్వాతే ఆపాలి. ఆపాక కూడా తిండి అదే. పాలబువ్వ మళ్లీ మొదలవదు. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి మూత్రం స్ట్రిప్, నెలకోసారి కాంటా. దవాఖాన ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాయించండి: "షుగర్ వచ్చి తగ్గిన పిల్లి, స్టెరాయిడ్ వద్దు." మీరు ఊళ్లో లేనప్పుడు దాన్ని ఎవరు తీసుకుపోయినా, ఏ డాక్టర్ చూసినా ఆ మాట కంట పడాలి.